అనుభవం లేనివారే కావలెను

బీరు రుచి చూసి చెప్పేవాడికి బీరు రుచి తెలిసి ఉండకూడదని ప్రభుత్వం ఉత్తర్వు వేసింది.

ఇందులో నవ్వడానికేమీ లేదు. ఉత్తర్వు వెనక ఒక చరిత్ర, చరిత్ర వెనక ఒక ఆడిట్ అభ్యంతరం ఉన్నాయి. విజయవాడలో నురుగు పానీయాల నాణ్యతా నిర్ధారణ మండలి అని ఒకటుంది. రాష్ట్రంలో కాచిన ఏ బీరైనా జనం గొంతులో దిగేముందు మండలివారి గొంతులో దిగి తీరాలి. ఇందుకోసం ఇదివరలో అనుభవజ్ఞులైన రుచిదారులను పెట్టారు. వారు మరీ అనుభవజ్ఞులు కావడం వల్ల సీసా ఖాళీ అయితేగానీ నోరు విప్పేవారు కాదు. విప్పినా అభిప్రాయం ఒక్కటే: "ఇంకోటి చూస్తేగానీ చెప్పలేం." ఆ లెక్కన గిడ్డంగి ఖాళీ అయింది గానీ నివేదిక నిండలేదు. మండలి పరువు నురుగులో కలిసింది. ఆడిటర్లు వచ్చి చూసి, "రుచిదారులకు బీరంటే అభిమానం ఉన్నట్టు తోస్తున్నది. అభిమానం ఉన్నచోట నిష్పాక్షికత ఉండదు" అని ఎర్ర సిరాతో రాసి పోయారు.

న్యాయమూర్తికి కక్షిదారుతో పరిచయం ఉండకూడదు కదా! అలాగే రుచిదారుకు రుచితో పరిచయం ఉండకూడదని మండలి తేల్చేసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాష్ట్రానికి ఏల్ పిచ్చి పట్టింది. ఏల్ అంటే బీరుకు బీరకాయపీచు చుట్టం కాదు, సాక్షాత్తూ తోడబుట్టినవాడే. కాకపోతే ఇంగ్లీషు సీమలో పెరిగినవాడు గనుక రంగు కాస్త ముదురు, రేటు ఇంకాస్త ముదురు. తయారీలో తేడా ఏమిటంటే, తొట్టి అడుగున పులిస్తే లాగర్, అంటే మామూలు బీరు; పైన పులిస్తే ఏల్. ప్రభుత్వంలో ఏదైనా పైనే పులుస్తుంది గనుక ఏలికలకు ఏల్ మీదే మనసు పోయింది. దేశంలోకెల్లా ఎక్కువ రకాల ఏళ్ళు మన దగ్గరే ఉండాలని పాలసీ ప్రకటించారు. ఏలడమే పనిగా ఉన్నవారిని "ఏల?" అని అడిగేదెవరు?

ఇక కావలసింది జన్మలో బీరు ముట్టని ఉద్యోగి. డైరెక్టరు భగీరథరావుగారు సిబ్బందినంతా వరసలో నిలబెట్టి, "ముట్టనివారు ముందుకు రండి" అన్నారు. ముందుకు వచ్చేవాళ్ళు లేకపోగా మందు ముట్టినవాళ్ళంతా ఓ అడుగు వెనక్కి వేశారు. సూపరింటెండెంటు ఇమ్మానుయేలుగారి పేరు చివర ఏల్ ఉన్నా ఆయన టీ తప్ప ఎరగరు. కానీ రూల్సు మనిషి. "చిన్నప్పుడు మా పెదనాన్న ఇంట్లో తిన్న క్రిస్మస్ కేకులో రమ్ము పడిందని నాకు అనుమానం సార్. అనుమానాస్పదమైన గతం ఉన్నవాణ్ణి నేను" అని తనంతట తానే తప్పుకున్నారు.

అందరూ వెనక్కి జరిగితే, జరగనివాడు ముందున్నట్టు లెక్క. అలా ముందు మిగిలినవాడు సీనియర్ అసిస్టెంటు గొర్లె తవిటినాయుడు.

తవిటినాయుడిది శ్రీకాకుళం వైపు. సోడా తాగితే ముక్కులోంచి నీళ్ళు వచ్చే సుకుమారం. అతనికి జీవితంలో ఉన్న కోరిక ఒక్కటే, బదిలీ. అతనేమో విజయవాడలో కృష్ణ ఒడ్డున, భార్య కృష్ణవేణేమో ఇచ్ఛాపురంలో బాహుదా ఒడ్డున. ఆవిడ అక్కడ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరు. మండలికి ఇచ్ఛాపురంలో ఒక సరిహద్దు శాఖ ఉంది: ఒక గది, ఒక బల్ల, ఒక ఖాళీ కుర్చీ. ఆ కుర్చీలో కూర్చోబెట్టమని భార్యాభర్తల కోటాలో తవిటినాయుడు పెళ్ళైన మర్నాటి నుంచీ అర్జీలు పెడుతూనే ఉన్నాడు. పెళ్ళిలో పెట్టిన చుక్క చెరిగింది గానీ అర్జీ మీద సంతకం పడలేదు.

భగీరథరావుగారు అతన్ని గదిలోకి పిలిచారు. పేరుకు తగ్గట్టు ఆయనది ప్రవాహమే, ఆనకట్ట ఉండదు.

"నాయుడూ, నీ అజ్ఞానం ఈ మండలికి ఆస్తి. ఇన్నేళ్ళుగా నిరుపయోగంగా పడివున్న ఆ ఆస్తిని ప్రజాహితార్థం వినియోగంలోకి తేదలిచాం."

"నాకు తాగడం రాదు సార్."

"అదే నీ అర్హత."

"బదిలీ సంగతి, సార్..."

"వస్తున్నా. అనుమతి కోసం వచ్చిన ఏళ్ళ జాబితా ఇది. చూశావుగా, అరపేజీ. రోజూ చెంచాడు చప్పరించి నీ అభిప్రాయం రాయి. జాబితా అయిన సాయంత్రమే నిన్ను రిలీవ్ చేస్తాను. ఇచ్ఛాపురం నీ ఇచ్ఛాపూర్వకంగా వెళ్ళు."

అరపేజీ చూసి తవిటినాయుడికి ఆశ పుట్టింది. బయటికొచ్చి భార్యకు ఫోను చేశాడు.

"ఏటండీ, మీరు తాగుతారేటి?" అంది కృష్ణవేణి.

"తాగడం కాదే, చప్పరించడం. చెంచాడు."

"మా బళ్ళో పిల్లలూ అలాగే అంటారు, కొట్టలేదు టీచర్, చెయ్యి తగిలిందీ అని. బదిలీ కోసం బీరు తాగిన మొగుడని ఊళ్ళో తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

"తాగకపోతే ఊరికే రాను కదే."

"సరే గానీ, రోజూ సాయంత్రం ఫోను చేసి నాకు విభక్తులు అప్పజెప్పాలి. ఒక్కటి తడబడినా నేనూరుకోను" అంది.

తొలి చప్పరింపు సభ ఘనంగా జరిగింది. తవిటినాయుడికి బీరు తెలియదని తహసీల్దారుగారు అనుభవరాహిత్య ధ్రువపత్రం ఇచ్చారు. "నాకు ఈ పానీయముతో పూర్వపరిచయము గానీ, బంధుత్వము గానీ, పాతకక్షలు గానీ లేవు" అని అతనిచేత ప్రమాణం చేయించారు. వెండి చెంచా తెచ్చారు. తవిటినాయుడు కళ్ళు మూసుకుని, ఆముదం తాగే పిల్లాడిలా మింగి, నివేదికలో ఒకే మాట రాశాడు: "చేదు."

భగీరథరావుగారు ఆ కాగితం కళ్ళకద్దుకున్నంత పని చేశారు. "ఎంత స్వచ్ఛత! అనుభవజ్ఞుడైతే పేజీలు నింపేవాడు."

మర్నాడు పొద్దున్నే రెండో ఏల్ వచ్చింది. దానితోపాటు ఇమ్మానుయేలుగారి నోటూ వచ్చింది.

"మనవి ఏమనగా, శ్రీ తవిటినాయుడు నిన్నటి దినమున ఒక చెంచా ఏల్ సేవించియున్నందున నేటికి అనుభవజ్ఞుడగుచున్నాడు. కావున రుచిదారు పదవికి అనర్హుడు. ఏలయనగా, నిబంధన ప్రకారము అనుభవము లేనివారే అర్హులు."

మండలి అదిరిపడింది. రుచి చూడనంతవరకే రుచి చూసే అర్హత! ఫైలు పైకి వెళ్ళింది, పైన పులిసింది, మళ్ళీ కిందికి వచ్చింది. చివరికి భగీరథరావుగారే మార్గం కనిపెట్టారు.

"ఇమ్మానుయేలుగారూ, నిన్న తాగిన ఏల్ విషయంలో ఇతను అనుభవజ్ఞుడు, నిజమే. కానీ ఈరోజు ఏల్ వేరు కదా? ఈ ఏల్‌తో ఇతనికేం అనుభవముంది?"

"లేదు సార్."

"అయితే తాగినదే తాగకుండా రోజుకో కొత్త ఏల్ ఇస్తే, ఇతను రోజూ కొత్తవాడే."

"రోజుకో ధ్రువపత్రం కావాలి సార్."

"తెప్పించండి. తహసీల్దారు ఉన్నది దేనికి?"

ఆ రోజు నుంచి తహసీల్దారు కార్యాలయంలో రైతుల పనులు కాస్త వెనక్కి జరిగాయి. పొద్దున తెరవగానే మొదట తవిటినాయుడి అజ్ఞానం మీద ముద్ర పడాలి, ఆ తర్వాతే పొలాల పాసు పుస్తకాలు.

తవిటినాయుడు రోజుకో ఏల్ చప్పరించాడు, రోజూ "చేదు" రాశాడు, రోజూ సాయంత్రం "డు ము వు లు ప్రథమా విభక్తి" అని మొదలుపెట్టి సప్తమిదాకా గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాడు. జాబితా తరుగుతున్నకొద్దీ అతని ఆశ పెరిగింది. అద్దెగది యజమానికి ఖాళీ చేస్తున్నానని చెప్పేశాడు. పరుపు చుట్టేసి చాప మీద పడుకున్నాడు. కృష్ణవేణి ఇచ్ఛాపురంలో రెండో కుర్చీ కొంది.

జాబితాలో చివరి ఏల్ చప్పరించే పొద్దున మండలి గుమ్మంలో ఒక పెద్ద వ్యాను ఆగింది. అందులోంచి ఒక పెద్దమనిషి దిగాడు. తెల్లటి లాల్చీ, పదివేళ్ళకూ కలిపి ఎనిమిది ఉంగరాలు. ఆయన కోనసీమ నుంచి వచ్చిన సారా... క్షమించాలి, సారథి. ఏల్ పరిశ్రమకు సారథి, కనపర్తి బుల్లబ్బాయిగారు. జాబితాలోని ఏళ్ళన్నీ ఆయన ఫ్యాక్టరీవే.

"డైరెక్టరుగారండీ, కొత్త సరుకు తెచ్చానండి. గోంగూర ఏలండి. ఇదేమో పనసతొనల ఏలు. ఇది ఉలవచారు ఏలు, మీ కృష్ణా జిల్లావోళ్ళ కోసం పెత్యేకంగా కాయించానండి. ఇదుగో, కాకరకాయ ఏలు. అబ్బాయిగారు ఎలాగూ చేదనే రాత్తారంట కదా, పాపం ఆయన మాట పోకూడదని!"

అసలు సంగతేమిటంటే, పాలసీలో రకానికింత అని రాయితీ ఉంది. అమ్మిన సీసాకు కాదు, పుట్టిన రకానికి. కొనేవాళ్ళున్నారా అని పాలసీ అడగదు, రుచి చూసినవాడున్నాడా అని మాత్రమే అడుగుతుంది. రాష్ట్రంలో ఆ రుచి చూసేవాడు ఒక్కడే, వాడు చాప మీద పడుకుంటున్నాడు.

"సార్, నా జాబితా ఈరోజుతో ఆఖరు" అన్నాడు తవిటినాయుడు.

"జాబితా ఆఖరైతే కదయ్యా? పెరిగింది. రాష్ట్రం పురోగమిస్తుంటే నువ్వు రైలెక్కి తిరోగమిస్తానంటావేం?"

అక్కడితో మొదలైంది. అల్లం పచ్చడి ఏల్ వచ్చింది, చింతచిగురు ఏల్ వచ్చింది, పండక్కని పులిహోర ఏల్ వచ్చింది. అతను ఒకటి తాగి ఒక గీత కొట్టేసరికి కింద ఇంకో రెండు పేర్లు చేరేవి. తవిటినాయుడు ఎంత తాగితే రాష్ట్రం అంత ముందుకు పోయేది, ఇచ్ఛాపురం అంత వెనక్కి పోయేది. మంత్రిగారు సభల్లో "మనకు ఇన్ని ఏళ్ళు" అని చేతులు చాపి చెబుతుంటే, ముసలివాళ్ళు ఆయుర్దాయం గురించనుకుని దణ్ణాలు పెట్టారు.

ఒకనాడు తవిటినాయుడి కలం జారింది. "చేదు" అని రాయాల్సినచోట "నిన్నటికంటే చేదు" అని రాశాడు.

ఇమ్మానుయేలుగారు కళ్ళజోడు తుడుచుకుని రెండోసారి చదివారు. తర్వాత మెమో ఇచ్చారు. "నిన్నటికంటే అను మాటను బట్టి తమకు నిన్నటి రుచి జ్ఞాపకమున్నట్లు రుజువగుచున్నది. జ్ఞాపకమే అనుభవము. సంజాయిషీ ఇవ్వవలెను."

"నాలిక్కి గుర్తుండిపోతే నేనేం చెయ్యగలను సార్?" అన్నాడు తవిటినాయుడు.

"నీ నాలిక డ్యూటీలో ఉంది నాయనా. డ్యూటీలో ఉన్నంతసేపూ అది ప్రభుత్వ నాలిక. ప్రభుత్వానికి నిన్నటిది గుర్తుండకూడదు" అన్నారాయన. ఆయన మాటలో కోపం లేదు, కేకు సంగతి ఒప్పుకున్నంత చిత్తశుద్ధి ఉంది.

విషయం వైద్యమండలికి పోయింది. అక్కడ మతిమరుపు నిపుణులైన ఒక డాక్టరుగారు తవిటినాయుణ్ణి కూర్చోబెట్టి అడిగారు.

"నిన్న ఏం తాగావు?"

"మునగాకు ఏలండి."

"మొన్న?"

"జున్ను ఏలండి."

డాక్టరుగారు విచారంగా తల ఊపారు. "జ్ఞాపకశక్తి తీవ్రంగా ఉంది. మరిచిపోవడానికి వైద్యశాస్త్రంలో మాత్ర లేదు. కానీ లోకంలో అన్నీ మరిచిపోవడానికి అనాదిగా వాడుతున్న మందు ఒకటుంది."

"ఏ మందండీ?"

"మందే మందు. ఇప్పుడిస్తున్న మోతాదు చాలడం లేదు. చెంచా మానిపించి సీసా ఇవ్వండి. అప్పుడు నిన్నటిదేమిటి, తాగుతున్నదే గుర్తుండదు."

సిఫారసు అమల్లోకి వచ్చింది. బీరు ముట్టనితనాన్ని కాపాడటం కోసం తవిటినాయుడికి రోజూ సీసాడు బీరు పట్టించసాగారు. సాయంత్రం ఫోను మోగింది.

"చెప్పండి."

"డుము... డుమువులు... ప్రథమ చికిత్స."

"ఏటీ?"

"కొరకున్ కై చతుర్థి. వలనన్... వలనన్... ఇక్కడ ఒకటుందే, అది నేననకూడదు. మెమో ఇచ్చారు."

"'కంటెన్' అండీ! వలనన్, కంటెన్, పట్టి!"

"ష్! కంటెన్ అంటే పోల్చినట్టు. పోలిస్తే అనుభవం. ఇమ్మానుయేలుగారు వింటారు. కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్... లోపలికి పోయిందే కృష్ణా, ఓ సీసా లోపలికి పోయింది."

కృష్ణవేణి ఫోనులో ఏడవలేదు. ఏడిస్తే బావుణ్ణనిపించేలాంటి గొంతుతో అంది. "నేను బీరు తాగనివాణ్ణి చేసుకున్నాను. నాకు ఆయనే కావాలి. ఇంకొన్నాళ్ళలా వదిలేస్తే ఆ మండలివోళ్ళు నా ఇంటికి సీసా పంపిస్తారు, మనిషిని కాదు. మీరొచ్చేలా లేరు. నేనే విజయవాడకి బదిలీ పెట్టుకుంటాను."

అన్నట్టే మర్నాడే అర్జీ పెట్టింది. దాని నకలు మండలికి వచ్చి తవిటినాయుడి అర్జీల కింద చేరి పడుకుంది.

తవిటినాయుడికి మత్తు దిగాక ఆ మాటలే చెవిలో తిరిగాయి. సీసాతో పాటు తానూ ఖాళీ అయిపోతున్నాడని అతనికి తెలుస్తూనే ఉంది. పొద్దున చేతులు వణుకుతున్నాయి. అన్నిటికంటే భయం వేసిన విషయం, ఒకనాడు మధ్యాహ్నం సీసా రావడం ఆలస్యమైతే గుమ్మం వైపు చూశాడు.

ఇలా ఉండగా బుల్లబ్బాయిగారు ఫ్యాక్టరీకి కొత్త షెడ్డు కట్టి మండలిని ప్రారంభానికి పిలిచారు. తవిటినాయుడూ వెళ్ళాడు. షెడ్డు నిండా తాటికాయంత అక్షరాలతో రకాల పేర్లు, పేరుకో పంపు. పంపుల గొట్టాలన్నీ గోడ వెనక్కి పోతున్నాయి. గోడ వెనక ఒకే ఒక ట్యాంకు.

"ఇదేంటి బుల్లబ్బాయిగారూ, ట్యాంకొక్కటే ఉంది?" అన్నాడు తవిటినాయుడు.

"మరెన్నుంటాయండి?" బుల్లబ్బాయిగారు ఆశ్చర్యపోయారు. "అయ్ బాబోయ్, గోంగూరని బీరులో కలుపుతానా? పాడైపోద్దండి! సరుకొకటే, లేబిలే మారుద్ది. రాయితీ లేబిలుకే గదండి ఇచ్చేది. ఈ సంగతి మీ డైరెక్టరుగారికీ తెలుసు, మా గుమాస్తాకీ తెలుసు. మీకు చెప్పలేదేటండి? పాపం, తాగేవోరు కదా, తెలిసిపోయుంటాదనుకున్నాను."

తవిటినాయుడికి కోపం రావలసింది. ఆనందం వచ్చింది. అన్నీ ఒకటే రకమైతే, ఆ ఒక్క రకం తాను ఎప్పుడో తాగేశాడు. అంటే జాబితా పూర్తయింది! వెంటనే నోటు రాసి పెట్టాడు: "రకములన్నియు ఒక్కటే అయినందున, ఆ ఒక్కటియు నేను రుచి చూసియున్నందున, జాబితా ముగిసినది. దయచేసి ఇచ్ఛాపురమునకు రిలీవ్ చేయగలరు."

ఉద్యోగంలో చేరాక అతను రాసిన ఉత్తమ వాక్యం అదే. విచారణకు పిలిచారు.

భగీరథరావుగారు నోటు చేత్తో పట్టుకుని అడిగారు. "ఇవన్నీ ఒకటే అంటావు?"

"అవును సార్. బుల్లబ్బాయిగారే చెప్పారు."

"ఆలోచించి చెప్పు. ఒకటే కాదంటే, జాబితా ఇంకా ఉంది, తాగు. ఒకటే అంటే, నువ్వు రెండో రోజు నుంచి ఈరోజుదాకా తాగినదే తాగావు. అవునా ఇమ్మానుయేలుగారూ?"

"అవును సార్. తాగినదే తాగుట నిబంధనకు విరుద్ధము. రెండో రోజు నుంచీ ఇతను అనుభవజ్ఞుడు. అనుభవం లేదని రోజూ ధ్రువపత్రం తెచ్చాడు. అన్నీ తప్పుడువే."

"మరి లేబుళ్ళు మార్చినాయన?" అన్నాడు తవిటినాయుడు.

"ఆయన లేబులు మార్చాడు. నిబంధనల్లో లేబులు మార్చకూడదని ఎక్కడుంది? మార్చమనే కదా పాలసీ!" అన్నారు భగీరథరావుగారు, పసివాడికి చెప్పినట్టు ఓపికగా. "నీ సంగతి చూడు. ముందస్తు అనుమతి లేకుండా, విధి నిర్వహణలో ఉండగా, అనుభవం సంపాదించావు. ఆదాయానికి మించిన ఆస్తులంటారే, అజ్ఞానానికి మించిన అనుభవం అంతకంటే ఘోరం."

తవిటినాయుడు సస్పెండయ్యాడు. సస్పెన్షన్లో ఉన్నవాడు హెడ్‌క్వార్టర్సు వదిలి పోరాదన్నది రూలు. అంటే అతను ఇచ్ఛాపురం సెలవు మీదైనా పోవడానికి లేదు. పరుపు మళ్ళీ విప్పుకున్నాడు.

కానీ మండలికి కొత్త చిక్కొచ్చి పడింది. పాలసీ ఘనత చాటడానికి పెట్టిన ఏల్ తిరునాళ్ళకు మంత్రిగారు వస్తున్నారు. వేదిక మీద వారి సమక్షంలో రుచి చూడటానికి అనుభవం లేనివారు ఒకరు కావాలి. వెతికారు. తవిటినాయుడి గతి చూశాక అందరూ తాగుబోతులమని తమంతట తామే రాసిచ్చారు. మండలి వాచ్‌మన్ పాపం మజ్జిగ మనిషి, అతనూ తూలుతూ నడవడం మొదలుపెట్టాడు.

అప్పుడు ఇమ్మానుయేలుగారు అర్జీల కట్ట విప్పి, అడుగునుంచి ఒకటి లాగారు.

"సార్, ఒక టీచరు. విజయవాడకు బదిలీ కోరుతున్నారు. బీరు తెలియదని ప్రధానోపాధ్యాయుడి సాక్ష్యం ఉంది. భార్యాభర్తలను ఒకచోట చేర్చాలన్న నిబంధన కూడా నెరవేరుతుంది. భర్త ఇక్కడే సస్పెన్షన్లో ఉన్నాడు."

"టీచరు చెయ్యొచ్చా ఈ పని?"

"టీచర్లకివ్వని పని ప్రభుత్వంలో ఇంకా పుట్టలేదు సార్."

ఉత్తర్వు ఇచ్ఛాపురం వెళ్ళింది. కృష్ణవేణి వచ్చింది. స్టేషనులో తవిటినాయుడు ఆవిడ చేతిలో సంచీ అందుకుని, "వద్దే. వేలు పెడితే చెయ్యి లాగుతారు వీళ్ళు. నన్ను చూడు. తిరిగి వెళ్ళిపో" అన్నాడు.

ఆవిడ అతని వణుకుతున్న చెయ్యి చూసింది. సంచీ మళ్ళీ తనే తీసుకుంది. "ఇన్నాళ్ళూ మీరు మాట్లాడారు కదా, ఈ ఒక్కరోజు ఊరుకోండి" అంది.

తిరునాళ్ళలో వేదిక బ్రహ్మాండంగా ఉంది. సీసా ఆకారంలో ద్వారం, నురుగు ఆకారంలో పందిరి. మంత్రిగారు, భగీరథరావుగారు, ఎనిమిది ఉంగరాల బుల్లబ్బాయిగారు వరసగా కూర్చున్నారు. జనంలో చివర తవిటినాయుడు. కృష్ణవేణి ప్రమాణం చేసింది, ఆవిడ ఉచ్చారణకు మంత్రిగారు చప్పట్లు కొట్టారు. వెండి చెంచాతో పనసతొనల ఏల్ అందించారు. ఆవిడ చప్పరించింది. భగీరథరావుగారు మైకు ముందుకు జరిపి, చిరునవ్వుతో "చెప్పండమ్మా" అన్నారు. చేదు అనే మాట కోసం మండలి మొత్తం చెవి పెట్టింది.

"చాలా బావుందండీ" అంది కృష్ణవేణి. "రేపు కూడా ఇదే ఇప్పించండి."

మైకు ఒకసారి కీచుమంది.

మంత్రిగారు పక్కకు వంగి, "బావుందంటే మంచిదే కదయ్యా?" అన్నారు.

"ఘోరం సార్" అన్నారు భగీరథరావుగారు, చెమట తుడుచుకుంటూ. "బావుందంటే అభిమానం. అభిమానం ఉన్నచోట నిష్పాక్షికత ఉండదని ఆడిట్ అభ్యంతరం ఉంది."

ఇమ్మానుయేలుగారు వేదిక మెట్ల దగ్గరికి వచ్చి బతిమాలారు. "అమ్మా, రేపు కూడా ఇదే అనకూడదు. రెండోసారి తాగితే అలవాటు కిందికి వస్తుంది."

"అలవాటు చేసుకుందామనే అండీ" అంది కృష్ణవేణి, మైకులోనే. "మా ఆయన ఇన్నాళ్ళు తాగారు కదా, రోజూ ఫోనులో దాని గుణగణాలన్నీ నాకు నేర్పించారు. రేపటినుంచి ఇద్దరం కలిసి, వచ్చిన ప్రతి ఏలూ నిన్నటిదానికంటే ఎలా ఉందో పోల్చి, పక్కపక్కన పెట్టి రాస్తాం. అన్నిటికీ ఒకటే రుచి ఉంటే అదీ రాస్తాం. నాకు దస్తూరి బావుంటుందండీ, పేజీలు నింపేస్తాను."

బుల్లబ్బాయిగారి చేతిలో ఉన్న గ్లాసు ఒలికి, పంచె మీద ఏల్ పడింది. "డైరెక్టరుగారండీ" అన్నాడాయన మెల్లగా, "ఈ అమ్మగార్ని ఎక్కడికైనా పంపించెయ్యండి."

మండలి అక్కడికక్కడే, పందిరి కిందే, అత్యవసరంగా సమావేశమైంది. అనుభవం అంటురోగమని తేలింది. భర్త నుంచి భార్యకు సోకింది, భార్య నుంచి మండలికి సోకే ప్రమాదముంది. కాబట్టి అనుభవం సోకినవారిని మండలికి ఎంత దూరంగా ఉంచితే అంత క్షేమం. ఒకరిని పంపి ఒకరిని ఉంచితే లాభం లేదు. భర్తను హెడ్‌క్వార్టర్సు దాటించాలంటే సస్పెన్షన్ అడ్డం గనుక సస్పెన్షన్ ఎత్తేశారు. మిగిలిందల్లా దూరం. ఇమ్మానుయేలుగారు పటం తెప్పించి, స్కేలు పెట్టి కొలిచారు. రాష్ట్రంలో మండలికి అన్నిటికంటే దూరంగా ఉన్న శాఖ ఒక్కటే. దాని తర్వాత ఒడిశా.

"అక్కడ పడుంటేగానీ బుద్ధి రాదు ఇద్దరికీ" అని భగీరథరావుగారు సంతకం చేశారు. పెళ్ళైన మర్నాటినుంచీ పడని సంతకం సిరా ఆరకముందే రెండు ప్రతుల మీద పడింది.

మర్నాడు రైల్లో తవిటినాయుడు కిటికీ పక్కన కూర్చున్నాడు. ఏలూరు దాటాక ఉండబట్టలేక అడిగాడు.

"నేనెప్పుడు నేర్పించానే నీకు దాని గుణగణాలు?"

"మీకు విభక్తులే సరిగ్గా రావు, నాకేటి నేర్పుతారు?"

"మరి... ఆ ఏల్ నిజంగానే బావుందా?"

కృష్ణవేణి ఇడ్లీ పొట్లం విప్పి అతని ఒళ్ళో పెట్టింది. అతని చెయ్యి ఇంకా కాస్త వణుకుతోందని చట్నీ తనే వడ్డించింది.

"యాక్! విషంలా ఉంది. చేదు" అంది. "ఆ మాట మీరు ఇన్నాళ్ళు రాశారు కదండీ, ఎవడైనా సీసా ఆపాడేటి?"